కేలీ: అందరూ ఆడే ఆట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! స్కాట్లాండ్, ఐర్లాండ్ పల్లెల్లో పుట్టిన 'కేలీ' గురించి నాలుగు మాటలు చెబుతాను.

గేలిక్ భాషలో ఆ మాటకు అసలు అర్థం ఇరుగుపొరుగు ఇంటికి వెళ్లి కలిసి కూర్చోవడం. చలికాలం రాత్రిళ్లు ఒక ఇంట్లో నిప్పు చుట్టూ చేరేవారు. ఒకరు కథ చెబితే, ఇంకొకరు పాట అందుకునేవారు, మరొకరు ఫిడేలు వాయించేవారు. ఎవరికి వచ్చింది వాళ్లు పంచుకునేవారు.

బతుకుతెరువు కోసం ఎందరో ఊళ్లు వదిలారు. అయినా ఆటను వదల్లేదు. 1897లో గేలిక్ లీగ్ వాళ్లు లండన్ నగరంలోనే ఒక హాలులో కేలీ జరిపారు. తర్వాత 1935లో ఐర్లాండ్ ప్రభుత్వం బహిరంగ నృత్యాలకు లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చింది. ఆ దెబ్బ ఇళ్లలో ఆడే ఆటల మీదా పడింది. అయినా కేలీ చావలేదు.

ఇప్పటికీ స్కాట్లాండ్ పెళ్లిళ్లలో 'స్ట్రిప్ ద విల్లో' ఆడతారు. అడుగులు రాకపోయినా ఫరవాలేదు. ఒకరు ముందుగా చెబుతారు, పక్కవాళ్లు చెయ్యి పట్టి తిప్పుతారు.

మన ధింసా కూడా చేతులు కలిపి ఆడేదే కదా! మరి మనమో? నలుగురిని స్టేజీ ఎక్కించి, కింద ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నాం. వీడియోలో ఆట కనిపిస్తుంది గానీ, కాళ్లకు రాదు.

వచ్చే పండక్కి ఫోను జేబులో పెట్టి వరసలో చేరండి. అడుగు తప్పితే పక్కనున్న అక్క సరిదిద్దుతుంది. సెలవు. జోహార్!