పడవలోని రేడియో, పల్లెలోని రేడియో

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పడవలో పెట్టుకొను రేడియోను గురించి మీముందు మాటలాడుదుమనగానే మీలో కొందరు నవ్వవచ్చును. మనది సముద్రమట్టమునకు సుమారు రెండువేల అడుగుల ఎత్తున నున్న మెట్టసీమ. ఇచ్చట చెరువు నిండుటయే పండుగ. పుట్టి తప్ప వేరొక పడవను ఎరుగని గ్రామములు మన ప్రాంతమున ఎన్నో కలవు. అయినను, పంచాయతీ కొరకు ఒక చేతిరేడియోను కొనదలచినపుడు దానిని ఎంచుకొను విధము మనకంటె బాగుగ ఎరిగినవాడు కోస్తా మత్స్యకారుడు. ఎందువలననగా, తప్పుగా ఎంచుకొన్నచో నష్టపోవునది అతని డబ్బు మాత్రమే కాదు.

తీరమునుండి కొన్ని మైళ్లు దాటగనే పడవలో చేతిఫోను మూగబోవును. కరెంటు లేదు. సెల్లులు అయిపోయినచో కొనుటకు అంగడి లేదు. ఉప్పునీటి తుంపరలు ఎల్లవేళల పడుచుండును. అట్టిచోట అతనికి ముందుగా వలసినది పాటలు కావు, ఒక్క వార్త. గాలివాన వచ్చుచున్నదా? రేవులో ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారు? ఎప్పటిలోగా ఒడ్డు చేరవలెను? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించిరి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో, వేటకు పోయిన వందలాది మత్స్యకారులు తిరిగి రాలేదు. ఆ తరువాత శాస్త్రము చాల ముందుకు సాగినది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ద్వారా, ఉపగ్రహము నుండి హెచ్చరికలను అందుకొను ‘జెమిని’ అను పరికరము 2019లో వచ్చినది. అయినను సులభముగా దొరకునదియు, ఎవరైనను వాడగలదియు అగు సాధనము చేతిరేడియోయే. అది వినునే గాని పలుకదని మాత్రము మరువరాదు. సహాయమునకై పిలుచుటకు వేరు యంత్రము ఉండవలెను.

ఇక మన సంగతి చూతము. 2021 నవంబరులో చెన్నై వద్ద తీరము దాటిన వాయుగుండము మన మెట్టసీమలోను కుండపోత కురిపించినది. బాహుదా, పింఛా నదుల నీరు చేరు చెయ్యేరు పొంగి, నవంబరు 19న అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. రేడియో ఉన్నచో ఆ ఆపద తప్పెడిదని మేము చెప్పము. కాని అట్టి రాత్రి కరెంటు పోయి, సెల్‌టవరుకు గల బ్యాటరీలు అయిపోయి, వాగులు పొంగి రోడ్లు తెగినపుడు గ్రామము కూడ సముద్ర మధ్యమున నున్న పడవయే. కావున, తక్కినవన్నియు ఆగిపోయిన గడియను తలచుకొని రేడియోను ఎంచుకొనవలెనని మా మనవి.

రేడియో తరంగములు మూడు విధములుగా మనకు చేరుచున్నవి. ఎఫ్.ఎం. ధ్వని మిక్కిలి స్వచ్ఛము, కాని అది ఇంచుమించు కంటిచూపువలె తిన్నగా పోవునది. కొండ అడ్డమైనచో క్షీణించును. తిరుపతి, అనంతపురము ఎఫ్.ఎం. కేంద్రములు గుట్టమీద వినబడి, గుట్టవెనుక నున్న ఊరిలో వినబడకపోవుటకు ఇదియే కారణము. మీడియంవేవు నేలను అంటిపెట్టుకొని కొండలను దాటి వచ్చును. రాత్రివేళ ఆకాశపు పైపొరల నుండి కూడ తిరిగి వచ్చుటచే దూరపు కేంద్రములు వినబడును. షార్టువేవు ఆ పొరలకు తగిలి తిరిగి నేలకు దిగుచు వేలమైళ్లు పోగలదు. పగలు 19, 25 మీటర్ల బ్యాండులును, రాత్రి 41, 49 మీటర్ల బ్యాండులును సాధారణముగ బాగుగ పలుకును. ఒకప్పుడు మన పల్లెలలో రేడియో సిలోన్ తెలుగు పాటలు వినబడినది షార్టువేవు మహిమచేతనే. ఒడ్డుకు బహుదూరము పోవు పడవకు అది నేటికిని ఉపయోగపడును. అయితే దేశములో షార్టువేవు ప్రసారములు మునుపటికంటె చాల తగ్గినవి. కావున మనకు మొదటి అవసరము మంచి మీడియంవేవు, రెండవది ఎఫ్.ఎం. షార్టువేవు ఉన్నచో మంచిదే, కాని దానికొరకే అధిక ధర పెట్టరాదు.

మన మూడు ప్రాంతముల అవసరము కూడ ఒకటి కాదు. మదనపల్లెకు కడప, బెంగుళూరు ఇంచుమించు సమదూరమున నున్నవి. 1963లో ప్రారంభమైన కడప ఆకాశవాణి కేంద్రము 900 కిలోహెర్ట్జ్‌లపై మన తెలుగును వినిపించు కేంద్రము. కుప్పమునకు బెంగుళూరు సమీపము, కడప దూరము. అచ్చట 612పై బెంగుళూరు కన్నడము గట్టిగా పలుకును, 720పై చెన్నై తమిళము వచ్చును, కడప తెలుగు సన్నగా వినబడును. మూడు భాషలు తెలిసిన కుప్పమువారికి ఇది లోపము కాదు, లాభమే. కాని రాత్రివేళ 720పై చెన్నై, 738పై హైదరాబాదు ప్రక్కప్రక్కనే వచ్చును. నాసిరకపు సెట్టులో ఈ రెండును కలగాపులగమగును. వీనిని విడదీసి వినిపించునదే మంచి రేడియో. పెట్టెమీద “తొమ్మిది బ్యాండులు”, “పన్నెండు బ్యాండులు” అని అచ్చువేసినంత మాత్రమున మోసపోరాదు. టమోటా గంప పైవరుసను మాత్రమే చూచి బేరమాడువానిని మదనపల్లె మార్కెట్టులో ఏమందురో మీకు తెలియును.

డిజిటల్ పద్ధతిలో వచ్చు ప్రసారములు సాధారణ సెట్టులో హోరుగా మాత్రమే వినబడును. అందులకు వేరు సెట్టు కావలెను. ప్రసారవేళలు, పద్ధతులు మారుచుండును గనుక కొనుటకు ముందు కేంద్రములవారిని అడిగి తెలిసికొనుడు.

రెండవ విషయము మేత. పుంగనూరు ఆవును ఎందులకు మెచ్చుకొందుము? పొట్టిది, కొద్ది మేతతో కరవును తట్టుకొని, చిక్కని పాలిచ్చును. పంచాయతీ రేడియో కూడ అట్లే ఉండవలెను. 1950వ దశకములో పంచాయతీ కార్యాలయములకు వచ్చిన వాల్వు రేడియోలకు బరువైన బ్యాటరీలు కావలసియుండెను. ట్రాన్సిస్టరు వచ్చిన పిదప ఆ బాధ తీరినది. నేడు రెండు మూడు టార్చిలైటు సెల్లులతో చాలకాలము పనిచేయు సెట్టులు కలవు. లోపల అమర్చిన బ్యాటరీని కరెంటుతో మాత్రమే చార్జి చేయవలసిన సెట్టు మనకు పనికిరాదు, అవసరమైన దినమున కరెంటు ఉండదు గదా! ఏ పల్లె అంగడిలోనైనను దొరకు సెల్లులు పట్టు సెట్టునే కోరుడు. చేతితో త్రిప్పు డైనమోగాని, చిన్న సోలారు పలకగాని ఉన్నచో అది అదనపు ధైర్యము, అంతే.

మూడవ విషయము ఏరియల్. మీడియంవేవుకు ఏరియల్ రేడియో లోపలనే ఉండును. అది ఒక నల్లని ఫెర్రైటు కడ్డీ. ఆ కడ్డీ కేంద్రమునకు అడ్డముగ నున్నప్పుడు ధ్వని హెచ్చును, దాని కొన కేంద్రమువైపు తిరిగినపుడు తగ్గును. దారి తప్పిన పడవవాడు రేడియోను మెల్లగ త్రిప్పి, ధ్వని మిక్కిలి తగ్గినచోట ఆపి, తీరమందలి కేంద్రము ఆ గీతమీదనే ఉన్నదని ఊహింపవచ్చును. మనకును ఇది పనికివచ్చును. వినబడనపుడు సెట్టును తిట్టుటకు ముందు, దానిని త్రిప్పి చూడవలెను. ఇనుప గదిగల పడవలోవలెనే రేకులషెడ్డులోను, కాంక్రీటు గదిలోను రేడియో సరిగా పలుకదు, కిటికీ వద్దకుగాని ఆరుబయటకుగాని తీసికొని పోవలెను. నాసిరకపు ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు రొద పుట్టించును, వాటిని ఆర్పి వినుడు. మీడియంవేవులో పటపటమను చప్పుడు హెచ్చుచున్నచో పిడుగులు సమీపించుచున్నవని గ్రహింపవచ్చును. అట్టి వేళ బయట కట్టిన తీగను ముందుగనే తీసివేయవలెను.

కావున అంగడిలో కాక ఊరిలోనే పరీక్ష చేయుడు. సెట్టును ఒక దినము తెచ్చుకొని, మధ్యాహ్నము ఒకసారి, రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి, సెల్లులతోనే వినుడు. పగలు కడపగాని బెంగుళూరుగాని స్పష్టముగ వచ్చెనా? రాత్రి చెన్నై, హైదరాబాదు విడివిడిగా వచ్చెనా? చీకటిలో చేతితో తడిమి మీట త్రిప్పగలరా? పదిమంది కూర్చున్నచో మాటలు అందరికి వినబడునా? ఈ నాలుగింటికి “అవును” అనిపించుకొన్న సెట్టును కొనుడు.

మేము చూచిన ఒక సంగతి చెప్పి ముగింతుము. ఒక గ్రామమున మంచి రేడియోను కొని, భద్రత కొరకని బీరువాలో పెట్టి తాళము వేసినారు. వానరాత్రి కరెంటు పోయినపుడు తాళపుచెవి ఉన్న ఉద్యోగి పట్టణములో నుండెను. తాళము పగులగొట్టి తీయగా, సెల్లులు కారి లోపలి తీగలు తుప్పుపట్టియుండెను. రేడియో మంచిదే, దానికి యజమాని లేడు. పడవలో ఇట్లు జరుగదు. అచ్చట రేడియో ఎవరి చేతిలో నుండవలెనో, సెల్లులు ఎవరు చూడవలెనో అందరికి తెలియును. 1956లో పూనా ప్రాంతమున సుమారు 150 గ్రామములలో నడచిన రేడియో శ్రోతల సంఘములు నేర్పినదియు ఇదియే. వినుటకు ఒక సమయము, కూర్చుటకు ఒక మనిషి, విన్నదానిపై చర్చ ఉన్నప్పుడే రేడియో గ్రామమునకు ఉపకరించును.

కావున సెట్టు కొనుటకు తీర్మానము చేసిననాడే మరి రెండు మాటలు కూడ తీర్మానములో వ్రాయుడు. ఊరిలోనే నివసించు ఇద్దరి పేర్లు వ్రాసి, వారికి సెట్టును అప్పగింపుడు. నెలకొకసారి దానిని మ్రోగించి, సెల్లులు చూచి, వాడనపుడు వాటిని తీసి ప్రక్కన ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టవలెనని వ్రాయుడు. ఖర్చు స్వల్పము. కాని వాగులు పొంగి, దీపములు ఆరి, ఫోనులు మూగవోయిన రాత్రి పల్లెజనము పంచాయతీ అరుగుమీద చేరి “ఏమి చెప్పినారు?” అని అడిగినపుడు, జవాబు చెప్పుటకు మీవద్ద ఒక కంఠము ఉండవలెను. దానిని ఈనాడే సిద్ధము చేసికొనుడని ప్రార్థించుచున్నాము.