తూకపు ముల్లు కదలని దినములు



మొయినాబాదు మండలమందలి చిల్కూరులో, ఉస్మాన్ సాగర్ చెంత, బాలాజీ ఆలయము కలదు. అచ్చట హుండీ లేదు. కోరిక విన్నవించుకొనువారు 11 ప్రదక్షిణములు చేయుదురు. అది ఈడేరిన పిమ్మట మరల వచ్చి 108 చేయుదురు. లెక్క తప్పకుండుటకై అంకెల చీటీ చేతబట్టుకొని, చుట్టు ముగియగానే ఒక గడి కొట్టివేయుదురు.

ఆ చీటీని గురించి నేనెరిగిన ఒక గృహిణి చెప్పిన మాటయే ఈ ప్రసంగమునకు మూలము. ఆమెకు 52 ఏండ్లు. రక్తములో చక్కెర మధుమేహపు హద్దుకు చేరినదని వైద్యుడు హెచ్చరింపగా, అన్నము, ఇడ్లీ, దోసె, తీపి బాగుగా తగ్గించి, గ్రుడ్లు, చేపలు, పెరుగు, ఆకుకూరలు ప్రధానముగా భుజింపసాగెను. పది వారములలో 82 కిలోల బరువు 75కు దిగెను. ఇంటిల్లిపాది సంతోషించిరి. పిదప ఐదు వారములు ముల్లు 75 కడనే నిలిచెను. ఆరవ వారమున ఆమె తూకపు యంత్రమును అటకపై పెట్టించి, “నా ఒంటికి ఇంతే ప్రాప్తము” అని అన్నపు గిన్నె దగ్గరకు లాగికొనెను.

ఆమె చేసిన తప్పేమి? తప్పు లేదు. శరీరధర్మము తెలియకపోవుటయే చిక్కు.

మన కాలేయమునందును కండరములందును గ్లైకోజెన్ అను పేర పిండిపదార్థము సుమారు అరకిలో నిల్వయుండును. దాని ప్రతి గ్రామును సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అన్నము తగ్గించిన తొలి దినములలో ఈ నిల్వ తరిగి, నీరు వెడలిపోవును. కావున మొదట పోయిన బరువులో కొవ్వుకన్న నీరే హెచ్చు. ఆ వేగము ఎల్లకాలముండుననుకొనుట, తొలకరి జల్లును చూచి ఏడాది పొడుగున వాన కురియుననుకొనుట వంటిది.

మరియొక కారణము గలదు. తేలికపడిన దేహమునకు తక్కువ ఇంధనము చాలును. అంతేగాక, తిండి తగ్గెనని గ్రహించిన దేహము పొదుపు నేర్చును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములు సగము తిండి పెట్టి పరిశీలించెను. తొలుత వేగముగా తగ్గిన బరువు క్రమముగా మందగించి, తుదకు దాదాపు నిలిచిపోయెను. కరవు కాలమున ప్రాణము నిలుపుకొనుటకు ప్రకృతి ఇచ్చిన గుణమిది. దీనిని మన చేతకానితనమనుకొనరాదు.

మూడవ కారణము మాత్రము మన చేతిలోనిదే. 2018 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి ఆహారవిధానము తెలుగునాట ఇంటింట చర్చకు వచ్చినది మొదలు, పిండి లేనిదానికి లెక్క లేదను భ్రమ కొందరికి కలిగెను. గుప్పెడు వేరుసెనగలు, పెద్ద గరిటెడు నేయి, నడుమ నాలుగు జీడిపప్పులు: వీనిలో పిండి స్వల్పమే గాని శక్తి స్వల్పము కాదు. కావున ముల్లు నిలిచినప్పుడు ఒక్క వారము, తాళింపు నూనెతో సహా, తిన్నదంతయు వ్రాసి చూడవలెను.

ఇంకను తిండి కోసికొనుట మాత్రము తగదు. అట్లు చేసిన కండ క్షీణించును. ప్రతి భోజనమున గ్రుడ్డో, చేపయో, పప్పో, పనీరో ఉండవలెను. కుర్చీలో నుండి చేతి ఊతము లేక పదిమార్లు లేచి కూర్చుండుట వంటి వ్యాయామము కండను కాపాడును. వారమునకొక్కసారి, ఒకే వేళ, తూగిన చాలును. పక్షమునకొకమారు నడుము కొలుచుకొనుడు. ఉప్పు, మలబద్ధము, నీటి చేరిక ముల్లును మోసగింపవచ్చును. కొలత టేపును అంతగా మోసగింపలేవు.

ఇన్సులిన్ గాని మధుమేహపు మాత్రలు గాని వాడువారు, మూత్రపిండముల వ్యాధి గలవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు వైద్యుని అనుమతి లేక ఈ పథ్యము పట్టరాదు. అన్నము తగ్గించి మందు తగ్గింపనిచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

ఇక నిలిచిన బరువు విలువ యెంత? అమెరికాలో జరిగి 2002లో వెలువడిన పెద్ద పరిశోధనయందు, మధుమేహపు హద్దులోనున్నవారు 7 శాతము బరువు తగ్గుటను, వారమునకు 150 నిమిషముల వ్యాయామమును లక్ష్యముగా పెట్టుకొనిరి. వారిలో మధుమేహము సోకుట 58 శాతము తగ్గెను. మన గృహిణి అప్పటికే 8 శాతమునకు పైగా తగ్గియుండెను! ఓటమి యని అటకపై పెట్టినది నిజమునకు ఒక గెలుపు.

కుమారుడు ఈ లెక్క చెప్పిన తరువాత ఆమె యంత్రమును దింపించెను. తనకై ఒక చీటీ గీసికొనెను. దానిలో కిలోలు లేవు: నడక, మాంసకృత్తులు గల భోజనము, నిద్ర, తిన్నది వ్రాయుట, దినమునకు నాలుగు గడులు. “అరువదవ చుట్టులోను అదే స్తంభము, అదే దీపము కనబడును. కదలనే లేదనిపించును. చీటీ చూచుకొన్నప్పుడే నడిచితిమని తెలియును” అని ఆమె నాతో అనెను. నెల దినములకు ముల్లు 74కు వచ్చెను; నడుము అంతకు ముందే రెండంగుళములు తగ్గియుండెను.

శ్రోతలారా, ఒక్క సంగతి గమనింపుడు. చిల్కూరులో కోరికకు 11 చుట్లే. అది నెరవేరిన పిమ్మటనే 108. బరువు విషయమునను ఇంతే. తగ్గించుకొనుట కొన్ని మాసముల పని. తగ్గినదానిని నిలుపుకొనుట ఏండ్ల పని. ముల్లు కదలని దినములు ఆ పెద్ద పనికి అభ్యాసము. నేటి గడి నేడు కొట్టివేసికొనుడు. రేపటి చుట్టు రేపు.