రోగి కన్నా ముందే చేరాల్సిన రక్తం

వరంగల్‌లో ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, ఏటూరునాగారం ఏజెన్సీ నుంచి ఇక్కడి ఎంజీఎం ఆసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే తల్లి ప్రాణం రెండు గంటల్లోనే పోవచ్చు. అంబులెన్స్ ఎంత వేగంగా వచ్చినా, ఆ తర్వాత గ్రూపు చూడాలి, క్రాస్‌మ్యాచ్ చేయాలి. కాబట్టి రోగి రక్తాన్ని వెతుక్కుంటూ రావడం కాదు, రక్తమే రోగి కన్నా ముందు ఆమెకు దగ్గరి ఆసుపత్రికి చేరి ఉండాలని నా వాదన.

ప్రపంచంలో ఏటా సేకరించే సుమారు 11.85 కోట్ల యూనిట్లలో 40 శాతం ధనిక దేశాల్లోనే అందుతోంది. అక్కడున్నది ప్రపంచ జనాభాలో 16 శాతమే. మిగతా చోట్ల జనానికి దయ లేకనా? కాదు, దాతను ముందే పిలిచే ఏర్పాటు లేక. అర్ధరాత్రి బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర ఒక చేతిలో శాంపిల్ ట్యూబు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని చుట్టాలందరినీ బతిమాలుతున్న భర్తను తలచుకోండి. రక్తం అమ్మకాన్ని ఆపమని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పిచ్చింది. అది సరైన తీర్పు. కానీ బంధువులనే దాతలను తెమ్మని ఒత్తిడి పెట్టినంత కాలం, ఆ కిటికీ పక్కనే దొంగచాటు బేరానికి చోటు మిగులుతుంది.

మందులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఇరవై వేల మంది బాలింతలపై జరిపి 2017లో వెలువరించిన అధ్యయనం, ట్రానెక్సామిక్ యాసిడ్‌ను మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయని తేల్చింది. తప్పక ఇవ్వండి. అయితే ఆ మందు కారేదాన్ని తగ్గిస్తుందే తప్ప, కారిపోయిన నెత్తురు మోసే ప్రాణవాయువును మోయలేదు.

ఇంకో అభ్యంతరం బరువైనది: చిన్న ఆసుపత్రిలో పెడితే వాడకముందే గడువు తీరిపోదా? మామూలు సంచిలోని రక్తానికి 35 రోజులే గడువు, అదీ 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో. పుట్టినరోజుకో వర్ధంతికో ఒక్కసారే వందల సంచులు నింపే శిబిరాలతో ఈ చిక్కు తీరదు. దాతలను నెలల వారీగా పిలవాలి. ఏజెన్సీలోని నిల్వ కేంద్రంలో గడువు దగ్గరపడిన సంచిని పారేయకుండా, రోజూ వాడకం ఉండే పెద్దాసుపత్రికి వెనక్కి పంపి, దాని స్థానంలో కొత్తది తెప్పించుకోవాలి. అందుకు కావలసింది కరెంటు పోయినా చల్లదనం తగ్గని ఫ్రిజ్, ప్రతి సంచి మీది తేదీని ఉదయాన్నే చూసి రాసుకునే ఒక మనిషి. రేపు మీరు చేరబోయే ఆసుపత్రిలో ఆ రెండూ ఉన్నాయో లేదో మొదటి రోజే అడగండి.