ఫిల్టరు ఎక్కడ?
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



పాఠశాల ఘనతను పెద్దలు వివరించినారు. నేను నా తరగతిగదిలోని ఒక పొరపాటును విన్నవిస్తాను. "ఫిల్టరు అక్కరలేని సంకేతాలను తొలగిస్తుంది" అని ఏళ్ల తరబడి భౌతికశాస్త్ర పాఠంలో చెప్పాను. రేడియో పరికరాల రూపకల్పనలో ఉన్న పూర్వ విద్యార్థిని ఒకామె సెలవులకు వచ్చి, "ఎక్కడ పెట్టిన ఫిల్టరు, టీచరుగారూ?" అని అడిగింది. నా వద్ద సమాధానం లేకపోయింది.

88.7 మెగాహెర్ట్జ్‌ల మీద ఒక బలహీన ప్రసారాన్ని వినదలచామనుకొందాం. సమీపంలో 93.5, 98.3 ల మీద రెండు బలమైన ప్రసారాలున్నాయి. వర్ధకం అనగా యాంప్లిఫైయరు, అందిన సంకేతాన్ని ఉన్నదున్నట్లు పెంచితే చిక్కే లేదు. కాని ఏ వర్ధకమూ అంత నిష్కపటమైనది కాదు. బలమైన సంకేతాలు రెండు అందులో కలిస్తే కొత్తవి పుడతాయి. 93.5 కు రెట్టింపు 187, అందులో 98.3 తీసివేయండి. మిగిలేది 88.7! బయట ఏ కేంద్రమూ ప్రసారం చేయని రొద సరిగా మనకు కావలసిన చోటనే వచ్చి కూర్చుంటుంది. దీనినే ఇంటర్‌మాడ్యులేషన్ వక్రీకరణ అంటారు. ఆ తరువాత ఎంతటి ఫిల్టరు పెట్టినా ఫలితం శూన్యం. రొదను తీసివేయబోతే ప్రసారమూ పోతుంది. ఆ పాలను, నీళ్లను హంస కూడా వేరుచేయలేదు.

కనుక ఫిల్టరు వర్ధకానికి ముందుండాలి. అది 93.5 ను 10 డెసిబెల్‌లు, మరికొంత దూరాన ఉన్న 98.3 ను 20 డెసిబెల్‌లు తగ్గించినదనుకొందాం. రొద ఎంత తగ్గుతుంది? నేను తొందరపడి 30 అన్నాను. ఆమె నవ్వి, నల్లబల్లపై 40 అని వ్రాసింది. ఆ రొద పుట్టుకలో 93.5 రెండు పర్యాయాలు, 98.3 ఒక పర్యాయం పాల్గొన్నవి. అందుచేత 10 ని రెండుమార్లు, 20 ని ఒకమారు లెక్కించాలి. 40 డెసిబెల్‌లనగా రొద శక్తి పదివేలవ వంతుకు దిగుతుంది. ఫిల్టరు సంగతి మరచి, రెండు ప్రసారాలూ పూర్తి బలంతోనే వర్ధకానికి చేరుతున్నాయని లెక్కవేస్తే, మంచి రిసీవరు కూడా పనికిరానిదిగా తోస్తుంది.

ఈ మేలు ఊరకే రాదు. ఫిల్టరు మనకు కావలసిన ప్రసారాన్ని కూడా కొంత మింగుతుంది. ఆ నష్టం 2 డెసిబెల్‌లయితే మూడవ వంతుకు పైగా శక్తి పోయినట్లే. అసలే బలహీనమైన ప్రసారం రిసీవరు సొంత సవ్వడిలో మునిగిపోవచ్చు. బలమైన కేంద్రాలేవీ దగ్గరలేని పల్లెలోనైతే ఆ ఫిల్టరును తీసివేయడమే మేలని ఆమె అన్నది.

నా పాత నోట్సులో ఆ వాక్యాన్ని కొట్టివేశాను. ఇప్పుడు ఆమె ప్రశ్నతోనే పాఠం మొదలుపెడుతున్నాను.