తెలియని మాట వెంట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయింది. ఆదాయ వ్యయాలు వ్రేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాము. రాబోయేది ముందే తెలియాలన్న ఆత్రుత ఎవరికి లేదు? కోరాపుట్, రాయగడలలో కాపురాలు చేసే మనకు అది ఒక పాలు ఎక్కువ. బదిలీ ఎక్కడికో, పిల్లవానికి తెలుగు అబ్బుతుందో లేదో, అమ్మాయికి సంబంధం అక్కడి నుండి తేవాలో, ఇక్కడే చూడాలో! అందుచేత, ఫలమేమిటో తెలియకుండానే ఒక పనిలో దిగిన మన పొరుగు పెద్దను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మెట్రిక్యులేషన్ ప్యాసై, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. ఆ కొండల్లో, ఇటు మన గుణుపురం దాకా, సవరలున్నారు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు. నేర్చుకున్నందుకు జీతం పెరగదు. అయినా పంతులుగారు తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకొని మాట తరువాత మాట వ్రాసుకోసాగారు. కొండలెక్కి తిరిగారు. మలేరియా పట్టుకున్నది. క్వినైను మింగి మింగి చెవులు పోయినవి. ధ్వనులు వినడమే పనిగా పెట్టుకున్నవారికి చెవులు పోవడమంటే ఏమిటో సభవారే ఊహించాలి. ఆయన మాత్రం మానలేదు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు.

వ్రాతలో లేని భాషకూ కట్టుదిట్టమైన నియమాలున్నవని ఆయన సవరల నోటనే విన్నారు. కొన్నేళ్ళకు, 1906 ప్రాంతాన, నోటి తెలుగును పుస్తకాలలోకి రానివ్వరాదా అన్న ప్రశ్న లేచినప్పుడు ఆయన జంకకపోవడానికి ఇదే మూలమని మా అభిప్రాయం. జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు ఎదిరించారు. అయినా గెలిచింది వాడుక భాషే. (ఈ ప్రసంగాన్ని గ్రాంథికంలో వ్రాసుంటే మాకు తల ప్రాణం తోకకు వచ్చేది!)

మరి మనమో? రాయగడ సంతలో కొంధులతో ఏళ్ళ తరబడి బేరాలాడతాము, వ్రేళ్ళు చూపించి. వారి కువి మన తెలుగు శాఖలోనిదే. మన కన్నును వారు పిలిచే మాట దాదాపు మనదే. సవర అయితే వేరే కుటుంబం, ముండా భాష. చుట్టమెవరో, పొరుగెవరో అడిగితే గదా తెలిసేది! ఇళ్ళలోనూ ఇంతే. మన కొంపల్లోకి ఒడియా కోడళ్ళు వస్తున్నారు. పిల్ల తెలుగు ఎప్పుడు నేర్చుకుంటుందా అని చూచే అత్తగార్లు చాలామంది. ఆ పిల్ల భాషలో కూరల పేర్లయినా అడిగి తెలుసుకున్న అత్తగారింట్లో నవ్వులు వినబడతాయి, మేము చూచాము. తప్పు పలికితే కోడలు నవ్వుతుంది. నవ్వనీయండి!

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. కోరాపుట్ జిల్లా ఆనాటిదే. రాయగడ 1992లో వేరు జిల్లా అయింది. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడం సహించలేక, ఏబది ఏళ్ళకు పైగా ఉన్న ఊరు విడిచి పంతులుగారు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన బాధను మేము కాదనము. మనవారు చాలామంది ఇక్కడే ఉండిపోయారు, అదీ తప్పు కాదు. అదే 1936లో గుణుపురం వైపు మంగెయి గమాంగో అనే సవర తన భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కల్పించారు. పంతులుగారి సవర వ్యాకరణం 1931లోనే అచ్చయింది. సవర, ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. సవర కొండలు దూరమైనవి, చెవులు ఎప్పుడో పోయినవి. ఆ తరువాత రెండేళ్ళు కూడా నిండకుండానే, 1940 జనవరి 22న, కన్ను మూశారు.