ఊడివచ్చు స్టీరింగు చక్రము



2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు నగరమందు, హుస్సేన్ సాగరు తీరమున, విద్యుత్తుతో నడచు కార్ల పందెము జరిగెను. దానిని చూచి వచ్చిన కుఱ్ఱవాండ్రు కొందఱు నన్ను, “అయ్యవారూ! అట్టి కారు నడుపువాడు దిగునపుడు స్టీరింగు చక్రమును ఊడదీయును గదా. చేతికి ఊడివచ్చునది పరుగులో వదులు కాకుండునా?” అని యడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. (స్టీరింగు అను మాటకు చుక్కాని యనవచ్చును గాని, అపుడు పడవయే తలపునకు వచ్చును. కావున వాడుక మాటనే గ్రహించితిని.)

పందెపుకారులో కూర్చుండు చోటు మిక్కిలి ఇఱుకు. చక్రము అడ్డముండగా మనిషి లోనికి దిగుట కష్టము. నిప్పంటుకొన్నచో వెలికి వచ్చుట మఱింత కష్టము. అందుచే దానిని ఊడునట్లు చేసిరి.

స్టీరింగు కడ్డీ కొనయందు నిలువుగా పండ్లు కోసియుందురు. చక్రము వెనుక నుండు హబ్బులో వానికి సరిపడు గాడులుండును. రెండును కూడిన పిమ్మట చిన్న ఉక్కుగుండ్లు కడ్డీమీది పల్లములోనికి దిగి పట్టుకొనును. వెనుకనున్న కంకణమును లాగినచో గుండ్లు తొలగి చక్రము వెలికి వచ్చును. త్రిప్పు బలమును మోయునవి పండ్లు. ఊడకుండ నిలుపునవి గుండ్లు. పండ్లకు మాఱుగా ఆఱు పలకల కడ్డీని వాడు చౌక రకము కలదు. దాని మూలలు త్వరగా అరగును గనుక నాకది రుచింపదు.

అరుగుదల స్వల్పమే యని తలపరాదు. కడ్డీ మందము ముప్పాతిక అంగుళము, చక్రము వెడల్పు 12 అంగుళములు అనుకొందము. అపుడు పండ్లవద్ద వెండ్రుకవాసి సందు చక్రపు అంచున 16 రెట్లగును. మహావేగమున పోవువానికి అంతమాత్రము చేయి వృథాగా కదలుట ప్రమాదకరము.

దోషమెచ్చటనో ముందు తెలియవలెను. ఒకరు హబ్బునకు దిగువ కడ్డీని కదలనీయక పట్టుకొనగా, మఱియొకరు చక్రమును అటునిటు ఆడింపవలెను. కడ్డీ నిలిచి చక్రము మాత్రమే ఆడినచో దోషము హబ్బుదే. చక్రమును హబ్బునకు పట్టించిన బోల్టులను మొదట బిగించి చూడవలెను. పలుమాఱులు దోషమంతటితో తీఱును. కడ్డీయు చక్రమును కలిసి ఆడుచు, నేలమీది చక్రములు కదలకున్నచో, దిగువ కీళ్లను బేరింగులను పరీక్షింపవలెను.

పండ్లే అరిగియున్నచో నేమి చేయుట? గొడ్డలి కామ వదులైన మనము చీల కొట్టుదుము, లేదా నీట నానవేయుదుము. ఆ యుపాయమిచట పనికిరాదు. పండ్ల నడుమ రేకుగాని టేపుగాని చుట్టినచో గుండ్లు పూర్తిగా దిగకపోవచ్చును. ఆపదలో చక్రము ఊడిరాకపోవచ్చును. హబ్బును, కడ్డీ కొనను జతగా మార్చుటయే సరియైన పని. పాతదానికి క్రొత్తది జోడించిన క్రొత్తదియు వేగముగా అరగును.

కడ్డీకి చేయు వెల్డింగు ఆరితేఱిన వానిచేతనే కావలెను. 1994 మే 1వ తేదీన ఇటలీలోని ఇమోలాయందు అయర్టన్ సెన్నా యను బ్రెజిలు దేశీయుడు పందెములో మరణించెను. అతనికి చోటు చాలదని కడ్డీని కోసి సన్నని గొట్టమతికించి యుండిరి. ఆ మార్పు సరిగా చేయనందున కడ్డీ విరుగుటయే ప్రమాదకారణమని 2007లో ఇటలీ న్యాయస్థానము తేల్చెను, అంగీకరింపనివారును కలరు.

గుండ్లయందు దుమ్ము చేరనీయరాదు. చక్రము తగిలించిన ప్రతిసారియు, బండి కదలకమునుపే, కంకణమును ముట్టక చక్రమును తనవైపునకు గట్టిగా లాగి చూడవలెను. గుండ్లు దిగకున్నచో అది అపుడే చేతికి వచ్చును.