పసిబిడ్డకు కావలసిన సామాను - పొదుపు మార్గాలు



విత్తనం వేయబోయే ముందు మనం ఏం చేస్తాము? ఇంట్లో ఏమున్నది, బయట ఏం కొనాలి, ఏది లేకపోయినా పని జరుగుతుంది అని లెక్క చూచుకొంటాము. దుకాణదారు చూపించిన ప్రతి సీసా, ప్రతి పొట్లం కొనుక్కొచ్చే రైతు నాలుగు కాలాలపాటు వ్యవసాయం చేయలేడు. అయితే ఇంట్లో కోడలో కూతురో నీళ్ళాడబోతున్నదంటే మాత్రం ఈ లెక్క ఎందుకో మరచిపోతాము. "తొలిచూలు కదా, బిడ్డకు లోటు చేస్తామా" అనుకొని పట్నం పోయి, పాలడబ్బాలు, సీసాలు, పౌడర్లు, డైపర్లు, ఉయ్యాల తొట్టి మోసుకొస్తాము. పంట చేతికి రాకముందే కాన్పు వస్తే అప్పు చేసి మరీ తెస్తాము.

బిడ్డకు తక్కువ చేసి డబ్బు మిగల్చమని నేను చెప్పబోవటం లేదు. మొదటి ఆరు నెలల్లో బిడ్డకు నిజంగా కావలసినవాటిలో చాలా భాగం దుకాణంలో దొరకవు. దుకాణంలో దొరికేవాటిలో చాలా భాగం బిడ్డకు అక్కరలేదు. అక్కడ ఆదా అయిన డబ్బు తల్లి కంచంలోకి పోవాలి. కొంత ఆపదకు దాచిపెట్టాలి. ఇదే ఈనాటి నా మాట.

ముందు పాల సంగతి చూద్దాం. ఆవు ఈనితే దూడకు గంట, రెండు గంటలలోపల జున్నుపాలు తాగించని రైతు ఉంటాడా? ఆ పాలు పడని దూడ రోగాలకు తట్టుకోలేదని మనకు తెలుసు. మరి మన బిడ్డ దగ్గరకు వచ్చేసరికి, తల్లి ముర్రుపాలు "చెడ్డపాలు" అని పిండి పారబోసి, తేనో, పంచదార నీళ్ళో నాకించటం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నది. ఇది మానాలి. పుట్టిన గంటలోపలనే తల్లి రొమ్ము పట్టించాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. ఎండకాలంలోనైనా మంచినీళ్ళు కూడా అక్కరలేదు, తల్లిపాలలోనే కావలసినంత నీరున్నది. తేనె అయితే ఏడాది నిండేదాకా పెట్టనే కూడదు.

ఇక ఖర్చు లెక్క. తల్లిపాలు లేకుండా మూడు నెలల బిడ్డను పాలపొడితోనే పెంచాలంటే 400 గ్రాముల డబ్బాలు నెలకు సుమారు ఎనిమిది కావాలి. డబ్బా 400 రూపాయలనుకొందాం. నెలకు 3,200 అయింది. ఆరు నెలలకు 19,200. సీసాలు, పీకలు, వాటిని కాచే వంటచెరకు, గ్యాసు వేరే. ఇంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. డబ్బు చాలనప్పుడు ఏం చేస్తారు? నాలుగు చెంచాలు వేయవలసిన చోట రెండు వేసి నీళ్ళు కలుపుతారు. బిడ్డ కడుపు నిండినట్లే కనిపిస్తుంది కాని ఒంటికి బలం పట్టదు. సీసా సరిగా కాచకపోతే విరేచనాలు పట్టుకొంటాయి. అప్పుడు డాక్టరు ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు కాదూ?

అందుకే 1992లో చేసి, 2003లో సవరించిన చట్టం ప్రకారం మన దేశంలో రెండేళ్ళలోపు పిల్లల పాలపొడులకు, పాలసీసాలకు ప్రకటనలు చేయటం నేరం. పాలు చాలటం లేదనిపిస్తే డబ్బా కొనకముందు ఆశా కార్యకర్తనో నర్సునో పిలిచి, బిడ్డ రొమ్ము సరిగా పట్టుతున్నదో లేదో చూపించండి. చాలామందికి అక్కడే చిక్కు విడిపోతుంది. తల్లి పొలం పనికి వెళ్ళవలసి వస్తే పాలు పిండి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి చల్లని చోట ఉంచితే నాలుగు గంటల వరకు నిలుస్తాయి. మండు వేసవిలో అంతసేపు ఉంచవద్దు. ఆ పాలు పట్టడానికి సీసా ఎందుకు? మన ఉగ్గుగిన్నె చాలు. కడగటం తేలిక, కాచటం తేలిక.

రెండోది బట్టలు. పసిబిడ్డ ఎంత త్వరగా పెరుగుతాడో చూడండి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ అయిదారు నెలలకు ఆరు కిలోలవుతాడు, ఏడాదికి తొమ్మిది. మొదటి నెలలో కొన్న చొక్కా మూడో నెలలో పట్టదు. కాబట్టి ఖరీదైన కొత్త బట్టలు కొనటం దండగ. అరిగి మెత్తబడిన నూలు చీర, పంచె బిడ్డ ఒంటికి కొత్త గుడ్డకన్న హాయి. నాలుగు గజాల పాత పంచెను రెండడుగుల చదరంగా కోస్తే డజను గుడ్డలు వస్తాయి. రెండు పంచెలతో రెండు డజన్ల పొత్తిగుడ్డలు సిద్ధం. పాత చీరలతో నాలుగు బొంతలు కుట్టుకోండి. ముందుకు ముడివేసే చొక్కాలు ఆరు, టోపీలు రెండు, చలికాలమైతే ఒక ఉన్ని దుప్పటి. ఇంతే సామాను. అక్క పిల్లలవో, వదిన పిల్లలవో బట్టలు అడిగి తెచ్చుకోవటం చిన్నతనం కాదు. సబ్బుతో ఉతికి, మరుగునీళ్ళలో ముంచి తీసి, మంచి ఎండలో ఆరవేయండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. పురుగుమందు చల్లేటప్పుడు కట్టిన పంచెను, లుంగీని, తలగుడ్డను ఎన్నిసార్లు ఉతికినా సరే బిడ్డకు వాడవద్దు. యూరియా సంచి బొంత కింద పరచవద్దు. మందు డబ్బాలో బిడ్డ స్నానానికి నీళ్ళు పట్టవద్దు. మందు చల్లి వచ్చిన తండ్రి స్నానం చేసి, బట్టలు మార్చుకొన్న తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి. ఈ జాగ్రత్తకు పైసా ఖర్చు లేదు.

డైపర్ల లెక్క కూడా చూద్దాం. ఒకటి పది రూపాయలు, రోజుకు అయిదు అనుకొంటే రోజుకు 50, నెలకు 1,500, ఏడాదికి 18,000. ప్రయాణానికో, రాత్రిపూటకో ఒకటి వాడుకొన్నా తప్పులేదు. పగలంతా ఇంట్లో గుడ్డ చాలు. తడిసిన వెంటనే మార్చటమే అసలు సంగతి.

మూడోది, బొత్తిగా కొనవద్దన్న వస్తువులు. బొడ్డుకు ఏమీ పూయనక్కరలేదు. పసుపు, బూడిద, పౌడరు ఏదీ వద్దు. పేడ అసలే వద్దు, దానివల్ల ధనుర్వాతం రావచ్చును. పొడిగా ఉంచితే బొడ్డు దానంతట అదే ఎండి రాలుతుంది. కంటికి కాటుక, ముక్కులో చెవిలో నూనె చుక్కలు, సాంబ్రాణి పొగ ఇవేవీ బిడ్డకు మేలు చేయవు. పొగ పసి ఊపిరితిత్తులకు చేటు. నడక నేర్చే చక్రాల బండి వల్ల పిల్లలు పడి దెబ్బలు తింటున్నారని కెనడా దేశం 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. బిడ్డ నేలమీద పాకి, గోడ పట్టుకొని లేచి, తానే నడుస్తాడు.

బిడ్డ రెండున్నర కిలోలకన్న తక్కువ బరువుతో పుడితే వెచ్చదనం చాలా ముఖ్యం. తల్లి తన రొమ్ముల మధ్య బిడ్డ ఒళ్ళు తన ఒంటికి తగిలేటట్లు పడుకోబెట్టుకొని, పైన గుడ్డ చుట్టుకోవటం గొప్ప సాధనం. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, వెచ్చటి పెట్టెలు చాలని ఆస్పత్రిలో మొదలైన ఈ పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతటా డాక్టర్లు చెబుతున్నారు. తండ్రి కూడా ఇలా పట్టుకోవచ్చు. అయితే ఇంత చిన్న బిడ్డను డాక్టరుకు తప్పక చూపించాలి.

నాలుగోది, ఖర్చు లేకుండా మనకు దక్కవలసినవి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, పరీక్షలు, తల్లికి భోజనం, రాకపోకల బండి అన్నీ ఉచితం. జబ్బుపడిన పసిబిడ్డ వైద్యమూ ఉచితమే. టీకాలు పుట్టిన రోజునుంచీ ఉచితం. ఆస్పత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త మూడో రోజు మొదలు నలభై రెండో రోజులోపల ఆరుసార్లు ఇంటికి వచ్చి చూడాలి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన వంటి నగదు సహాయాలున్నవి. మీ ఊళ్ళో ఏ పథకం నడుస్తున్నదో, ఏ కాగితాలు కావాలో అయిదో నెలలోనే అడగండి. కాన్పు అయిన తరువాత బ్యాంకు పుస్తకం వెదుక్కోవటం కష్టం.

ఇక పొదుపు చేయకూడని చోట్లు చెబుతాను. అత్తలారా, అమ్మలారా, ఈ మాట మీకే. బాలింతకు పథ్యమని కారప్పొడి అన్నం పెట్టి, నీళ్ళు కూడా కొలిచి ఇవ్వటం తగదు. పాలిచ్చే గేదెకు దాణా పెంచుతామా, తగ్గిస్తామా? పాలిచ్చే తల్లికి మామూలు తిండి మీద మరొక పూట తిండి కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, వేరుశనగ, అడిగినన్ని నీళ్ళు ఇవ్వండి. కాన్పు తరువాత ఆరు నెలలు ఐరన్ మాత్ర రోజుకొకటి తప్పకూడదు. చేతులు కడుక్కోను సబ్బు, బిడ్డపైకి దోమతెర తప్పక కొనవలసినవే.

బిడ్డ పాలు తాగటం మానినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్ళు కాలుతున్నా, చల్లబడినా, అరిచేతులు అరికాళ్ళు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోను చేయండి. అప్పుడు ఖర్చు సంగతి, ముహూర్తం సంగతి చూడవద్దు.

ఆరు నెలలు నిండాక డబ్బా పిండి బదులు మన పంటే ఉన్నది. రెండు పాళ్ళు రాగులో బియ్యమో, ఒక పాలు పెసలు, కొంచెం వేరుశనగ గుళ్ళు వేయించి మెత్తగా విసిరి ఉంచుకోండి. గట్టిగా ఉడికించి, నెయ్యి చుక్క వేసి పెట్టండి. గరిట వంచితే నీళ్ళలా జారిపోయే జావ బిడ్డకు చాలదు. తల్లిపాలు రెండేళ్ళ దాకా సాగనివ్వండి.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. సాగు ఖర్చుల పట్టిక రాయించేటప్పుడు, ఆ ఇంట్లో కాన్పు ఉంటే దానికీ ఒక వరుస రాయించండి. ఇంట్లో ఉన్నవి, ఉచితంగా వచ్చేవి, కొనవలసినవి అని మూడు గళ్ళు గీస్తే, మూడో గడి ఎంత చిన్నదో రైతు తానే చూచుకొంటాడు.

సోదరులారా, బారసాల రోజున చుట్టాలు "ఏం తెమ్మంటారు" అని అడిగితే మొహమాటపడవద్దు. బొమ్మలు, పట్టుచొక్కాలు వద్దని, బాలింతకు నెయ్యి, గుడ్లు, పెసలు తెమ్మని చెప్పండి.